అదనపు కాగితాలు

అక్కా,

ముందు ఒక మాట. ఈ ఉత్తరం చేతికందగానే గదిలో ఎవరున్నా బయటికి పంపించి తలుపు వేసుకో. నీ కాగితాలన్నీ చదివి వినిపించే ఆ అమ్మాయిని కూడా. ఇది ఒకరు చదివితే వినాల్సిన ఉత్తరం కాదు. నీ వేళ్ళతో నువ్వే చదువుకోవాలని కూర్చుని చుక్కలు గుచ్చుతున్నాను. నువ్వు చిన్నప్పుడు నేర్పిన బ్రెయిలీ ముప్ఫై ఏళ్ళలో సగానికి సగం మర్చిపోయాను. పాత ట్రంకుపెట్టెలో నీ పలకా, గుచ్చే పుల్లా దొరికాయి. దళసరి కాగితానికి నా షాపులో కొదవ లేదు. కుడి నుంచి ఎడమకి, అక్షరం తిరగేసి గుచ్చాలి కదా, మొదటి రోజు రాసింది తిప్పి చూసుకుంటే నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. తప్పులుంటే తిట్టుకో. కానీ చివరిదాకా చదువు.

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. టైపు చేసిన ఆ ఒక్క పేజీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీ కాలేజీలో చూపులేని అమ్మాయి ఆఖరి సంవత్సరం పరీక్ష రాస్తుంటే, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టాల్సిన మనిషి, చెప్పనివి కూడా రాసేస్తూ దొరికిపోయిందన్నావు. అమ్మాయేమో నాకేం తెలియదు, నేను చెప్పిందే రాస్తోందనుకున్నాను అంటోందన్నావు. విచారణ కమిటీలో ముగ్గురున్నా మిగతా ఇద్దరూ నీ మాట కోసమే చూస్తున్నారు, అలా ఇంకొకరి చేత రాయించుకుని పరీక్షలు పాసైంది నువ్వొక్కదానివే కాబట్టి. తెలియదని తేలితే ఆ ఒక్క పేపరు పోతుంది. తెలిసీ ఊరుకుందని తేలితే మూడేళ్ళు పరీక్ష హాలు గడప తొక్కనివ్వరు, అంటే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. చివర్లో నన్నడిగావు: "నువ్వు నా పరీక్షలన్నీ రాసిపెట్టినదానివి. నిజం చెప్పు. పక్కన మనిషి సొంతంగా రాసేస్తుంటే, చెప్పేవాళ్ళకి తెలియకుండా ఉంటుందా?"

ఉంటుందక్కా. నీకు తెలియలేదుగా.

హమ్మయ్య, గుచ్చేశాను. ఈ రెండు మాటలకి ఎన్ని కాగితాలు పాడుచేశానో నా బుట్ట చూస్తే తెలుస్తుంది. గుచ్చిన చుక్కని గోటితో నొక్కేసి చెరిపెయ్యొచ్చని నువ్వే చెప్పేదానివి. రెండుసార్లు గోరు పెట్టాను కూడా. మళ్ళీ తీసేశాను.

ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను, నీకు తెలిసినవి కూడా చెప్తాను, ఎందుకంటే అవన్నీ కలిస్తేనే నేను చేసింది అర్థమవుతుంది. మన రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నాన్న చెయ్యి కాగితాలు కోసే మిషన్‌లో పడి రెండు వేళ్ళు పోయినప్పుడు నేను పదో తరగతి సగంలో ఉన్నాను. బైండింగ్ పని ఆగిపోకూడదని బడి మానేసి షాపులో కూర్చున్నాను. నన్ను ఎవరూ మానమనలేదు. వద్దనీ అనలేదు. అప్పుడు నువ్వు డిగ్రీలో చేరావు. నీ పుస్తకాలు చుక్కల్లో దొరికేవి కావు, ఎవరో ఒకరు చదివి వినిపించాలి. పెద్దమ్మకి కళ్ళజోడు పెట్టుకున్నా అక్షరాలు అలుక్కుపోయేవి. "ఆ వసపిట్టని పిలవండి, ఎలాగూ నోరు ఊరికే ఉండదు" అన్నావు నువ్వు. ఆ పేరు అప్పుడే కదా పెట్టావు.

మూడేళ్ళు, మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు గంటలు. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, రెండో చేతికంటిన బంక గోకుకుంటూ చదివేదాన్ని. నువ్వు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వినేదానివి. "ఆ పేరా మళ్ళీ" అనేదానివి. మళ్ళీ చదివేదాన్ని. నీకు రెండుసార్లు చదివితే నాకు నాలుగుసార్లు ఎక్కేది. సాయంత్రం పుస్తకాలు కుడుతూ ఆ రాజులూ, యుద్ధాలూ, కరువులూ మనసులో వల్లె వేసుకునేదాన్ని. ఈ సంగతి నీకు చెప్పలేదు. నాకే ఎవరూ చెప్పలేదు, నేను చదువుకుంటున్నానని.

పరీక్షకి రాసిపెట్టే మనిషి కావాల్సి వచ్చినప్పుడు నిబంధన ఏమిటి? అభ్యర్థి కంటే తక్కువ చదువుకున్నవాళ్ళై ఉండాలి, ఆ సబ్జెక్టు తెలియనివాళ్ళై ఉండాలి. పదో తరగతి మధ్యలో మానేసింది, బైండింగ్ షాపులో పని. ఆఫీసులో గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి "ఈ అమ్మాయైతే ఏ భయమూ లేదు" అని ముద్ర కొట్టేశాడు. నువ్వు పక్కనే ఉండి నవ్వావు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ముందు రెండేళ్ళూ, ఆఖరి ఏడాది మొదటి మూడు పేపర్లూ నువ్వు చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒట్టు. నాలుగో పేపరు రోజు నీకు జ్వరం. పెద్దమ్మ వద్దంటున్నా లేచి వచ్చావు. మన ఇద్దరికీ విడిగా ఒక గది ఇచ్చారు. ఇన్విజిలేటర్ కిటికీ దగ్గర కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది. నేను నోరు విప్పకూడదు, ప్రశ్న చదవడానికీ, రాసింది తిరిగి చదివి వినిపించడానికీ తప్ప. ఏం కావాలన్నా నువ్వే చెయ్యెత్తి అడగాలి. నా నోటికి ఎంత శిక్షో నీకు తెలుసు.

కరువులకి కారణాల ప్రశ్న వచ్చింది. ఐదు కారణాలు. ఆ పాఠం నీకు ఆరుసార్లు చదివాను. నువ్వు మూడు చెప్పి ఆగిపోయావు. నుదురు చేత్తో పట్టుకుని "ఆగు, ఆలోచించుకోనీ" అన్నావు. ఎంతసేపో అలాగే ఉన్నావు. నాకు నాలుగోదీ ఐదోదీ నాలుక చివర ఆడుతున్నాయి. నోటితో చెప్పలేను కదా, చేత్తో రాసేశాను. రెండే వాక్యాలు. రాసేశాక కిటికీ వైపు చూశాను. ఇన్విజిలేటర్ తలెత్తలేదు. నువ్వు "సరే, ఇది వదిలేద్దాం, తర్వాతది" అన్నావు.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. తర్వాతి ప్రశ్నకి నువ్వు నాలుగు ముక్కలు చెప్పి మళ్ళీ తలపట్టుకున్నావు. నేను పేజీన్నర రాశాను. ఆ తర్వాతది రెండు పేజీలు. నువ్వు చెప్పినవాటిని కూడా మార్చేశాను, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ జరిపి, నా ఇష్టం వచ్చినట్టు. మెయిన్ బుక్కు అయిపోయింది. అప్పుడు పైప్రాణాలు పైనే పోయాయి. కాగితం కావాలని నేను అడక్కూడదు. నువ్వు చెప్పినదాని లెక్క ప్రకారం ఇంకా సగం బుక్కు ఖాళీగా ఉండాలి. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటుంటే, నువ్వే చెయ్యెత్తి "అడిషనల్ షీట్లు కావాలండీ" అన్నావు. జ్వరంలో నీ లెక్క తప్పిందనుకున్నాను. నా అదృష్టం అనుకున్నాను. రెండుసార్లు అడిగావు ఆ రోజు.

రాయడం ఒక ఎత్తు. చివర్లో "చదివి వినిపించు" అన్నావు చూడు, అది ఇంకో ఎత్తు. నేను కాగితం ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నది చదవకుండా, నువ్వు చెప్పినవి మాత్రం గుర్తుపెట్టుకుని అప్పజెప్పాను. మధ్యలో నువ్వు తడబడ్డచోట తడబడ్డాను కూడా. మూడేళ్ళు నీకు చదివి వినిపించిన గొంతుతోనే. నువ్వు నమ్మినది నా చేతిని కాదక్కా, నా గొంతుని. రాసినందుకంటే చదివినందుకే నాకు ఇప్పటికీ సిగ్గు.

జాలిపడి రాశానని నువ్వు అనుకోవచ్చు. అనుకోకు. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకుని నిద్రపోయాను. జ్వరంతో ఉన్న అక్కకి సాయం చేశాను, అందులో తప్పేముంది అని. అది అబద్ధం. నాకు పరీక్ష రాయాలనిపించింది. నాకెన్ని మార్కులొస్తాయో చూసుకోవాలనిపించింది. నాకంటూ ఒక హాల్ టికెట్ ఎప్పటికీ రాదని తెలుసు, అందుకని నీ పేరు మీద నా పరీక్ష రాసుకున్నాను. ఫలితాలొచ్చాయి. నాలుగో పేపర్లో యూనివర్సిటీ మొత్తానికి నీకే ఎక్కువ. మూడంటే మూడు మార్కుల తేడాతో మెడల్ నీకొచ్చింది. అందరూ నీ చుట్టూ మూగితే నేను షాపులోకి పోయి, తలుపు దగ్గరకి వేసుకుని, ఆ పేపరు మార్కులు ఒక అట్టముక్క మీద రాసుకుని చూసుకున్నాను. నవ్వుకున్నాను. అంత సంతోషం మళ్ళీ నాకెప్పుడూ కలగలేదు. చూశావా, ఎలాంటిదాన్నో.

ఆ మెడల్ చూసే నీకు ఉద్యోగం ఇచ్చారు. నీకు సన్మానం జరిగినప్పుడు నన్నూ పిలిచావు గుర్తుందా? మైకులో చెప్పావు: "నేను ఎవరి దగ్గరా ఒక్క అక్షరం అప్పు తీసుకోలేదు. నాకు రాసిపెట్టింది పదో తరగతి కూడా పాసవని అమ్మాయి. తను నాకు చెయ్యి మాత్రమే." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చెయ్యి మాత్రమే. ఆ మాట మింగుడు పడక నీకు ఏడాదిపాటు ఉత్తరం రాయలేదు, పని ఎక్కువగా ఉందని బొంకాను. దొంగతనం చేసినదాన్నీ నేనే, అలిగినదాన్నీ నేనే. నా మొహం!

ఇప్పుడు నా షాపు సంగతి నీకు తెలుసుగా. పక్కన రెండు కాలేజీలు. పరీక్షల ముందు పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకొచ్చి బైండింగ్‌కి ఇస్తారు. మొదటి పేజీ మీద పేరు తప్ప లోపలంతా ఒకటే. మొన్న ఒకే రిపోర్టు పదకొండు కాపీలు, పదకొండు పేర్లతో కుట్టాను. పదకొండింటిలోనూ నలభయ్యో పేజీలో ఒకటే అచ్చుతప్పు. మా పనమ్మాయి "వీళ్ళకి సిగ్గుండదా అమ్మా?" అంది. నేను అట్ట మీద బంగారు అక్షరాలు ఒత్తుతూ కూర్చున్నాను. ఏం మొహం పెట్టుకుని అంటాను?

ఆ పిల్లకి తెలియకపోయి ఉండొచ్చక్కా. నీ అంతటిదానికే తెలియలేదు. నీ కమిటీకి సాక్ష్యం కావాలంటే నేనే వచ్చి నిలబడి చెప్తాను. నీ పరువు పోతుందని తెలుసు. నా మీద నీకున్న నమ్మకం పోతుందనీ తెలుసు. కానీ నేను నోరు మూసుకుంటే, చెయ్యని తప్పుకి ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతుంది. చదువు ఆగిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు.

నన్ను క్షమించమని అడగను. తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ చెయ్యి,
వసపిట్ట

*

నా వసపిట్టకి,

నీ చుక్కల్లో తప్పులు అరవై రెండు. లెక్కపెట్టాను, పంతులమ్మని కదా. కమిటీకి రెండు రోజుల ముందు అందింది నీ ఉత్తరం. చెప్పినట్టే తలుపు వేసుకుని చదివాను. జవాబు నా చేత్తో నేనే గుచ్చుతున్నాను. మన మధ్య ఇంకో మనిషి అక్కర్లేదన్నది నిజమే.

ఆ రోజు నా లెక్క తప్పలేదు.

నీ దగ్గర అప్పుడు ఒక పాత ఇంకు పెన్ను ఉండేది, పాళీ అరిగిపోయినది. కాగితం మీద గరగర శబ్దం చేసేది. మూడు పేపర్లపాటు నేను మాట్లాడితే అది మాట్లాడేది, నేను ఆగితే అది ఆగేది. నాలుగో పేపరు రోజు కరువుల ప్రశ్న దగ్గర నేను నుదురు పట్టుకుని ఊరుకున్నాను. పెన్ను ఊరుకోలేదు. మొదట రెండు గీతలు. నా ఒంట్లో జ్వరం ఒక్కసారిగా దిగిపోయినట్టైంది. "ఏం రాస్తున్నావే?" అనాలి. నోటిదాకా వచ్చింది. అనలేదు. "తర్వాతది" అన్నాను. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకీ నాలుగు ముక్కలు చెప్పి, తలపట్టుకుని, ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. నాకు గుర్తురాక కాదు ఒక్కోసారి. నువ్వు రాయడానికి టైము ఇచ్చాను.

పేజీలు తిప్పిన చప్పుడు లెక్కపెట్టడం నాకు అలవాటు. బుక్కు అయిపోయిందని నీ ఊపిరి చెప్పింది. నువ్వు అడగలేవు. అందుకని నేను చెయ్యెత్తాను. రెండుసార్లు. నువ్వు అదృష్టం అనుకున్నది నేనే. చదివి వినిపించమన్నది కూడా ఇన్విజిలేటర్ వినాలనే. నీ గొంతులో అబద్ధం నాకు అక్షరం అక్షరం వినపడింది, అయినా తలాడించాను. ఆ గొంతుని నేను నమ్మాననుకుని ముప్ఫై ఏళ్ళు బాధపడ్డావు. నేను దాన్ని వాడుకున్నాను.

ఇంకో సంగతి. నువ్వు చదువుతూ చదువుతూ అంతా నేర్చేసుకున్నావని నాకు రెండో ఏడాదిలోనే తెలుసు. తెలిసిన పేరా వస్తే నీ చదువు వేగం పెరిగేది, కాగితం చూడకుండానే ముందు వాక్యం అందుకునేదానివి. నీకు చెప్పలేదు. చెప్తే, "అయితే నువ్వూ పరీక్షకి కట్టవే" అనాల్సి వస్తుంది. అప్పుడు నాకు చదివేదెవరు, రాసిపెట్టేదెవరు? అందుకే మైకులో నిన్ను పదో తరగతి పాసవని పిల్ల అన్నాను, చెయ్యి మాత్రమే అన్నాను. అలా అన్నంత కాలం ఎవరికీ అనుమానం రాదు. మార్కులు నీవి తీసుకున్నది చాలక, నీకు చదువు రాదని ఊరంతా చాటాను. నువ్వు చేసింది తప్పే. కానీ నేను చేసిన దానికి నా దగ్గర సరైన మాట కూడా లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. విచారణ కాగితాల్లో ఒక వాక్యం ఉంది, "అభ్యర్థి రెండుసార్లు అదనపు కాగితాలు అడిగినది" అని. మిగతా ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు. నా అసిస్టెంటు అది చదివి వినిపించగానే మళ్ళీ చదవమన్నాను. ఆ పిల్లకి తెలుసు. ఎలా తెలుసో నాకు తెలుసు. మూడేళ్ళు వేయించడానికి ఆ ఒక్క వాక్యం చాలు. నీకు ఉత్తరం రాసింది అప్పుడే. నేను నీ అభిప్రాయం కోసం అడగలేదు. నువ్వు "తెలిసిపోతుంది" అంటే ఆమెని శిక్షించేదాన్ని, "తెలియదు" అంటే కాపాడేదాన్ని. ఏదైనా తీర్పు నీదయ్యేది, సంతకం నాదయ్యేది. ఎప్పటిలాగే రాసేది నువ్వు, పేరు నాది. ఇన్నేళ్ళకి కూడా నాకు బుద్ధి రాలేదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

కమిటీ రోజు పొద్దున్నే ఆ అమ్మాయిని నా గదికి పిలిపించాను. ఇద్దరమే ఉన్నాం. "పెన్ను చప్పుడు వినపడలేదా?" అన్నాను. కుర్చీ కిర్రుమంది. చివరికి "వినపడింది మేడమ్" అని ఏడ్చేసింది. "నాకూ వినపడిందమ్మా" అన్నాను. ఆ మాట నోటి వెంట రావడం అదే మొదటిసారి. ఆ పిల్ల ఏడుపు ఆపేసి "మీకా?" అంది. మొత్తం చెప్పాను. "మరి మిమ్మల్నేమీ అనలేదుగా మేడమ్?" అని అడిగింది, పాపం, ఆశగా. "అందుకే ఇవాళ నేనే చెప్పబోతున్నాను" అన్నాను.

కమిటీ ముందు ఇద్దరం చెప్పుకున్నాం. ఆ అమ్మాయి తనంతట తనే ఒప్పుకుంది. నా చెయ్యి పట్టుకుని గదిలోకి వచ్చింది, ఎవరు ఎవరికి దారి చూపించామో నాకు తెలియదు. మూడేళ్ళ బదులు ఒక్క ఏడాది వేశారు. ఆ ఏడాదీ మా ఇంటికొచ్చి చదువుకోమన్నాను. నా విషయంలో ఏం చెయ్యాలో వాళ్ళకి తోచలేదు. ప్రిన్సిపాల్ గారు "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ తవ్వుతారు?" అన్నారు. మెడల్ యూనివర్సిటీకి పంపించేశాను. దీన్ని ఏ నిబంధన కింద స్వీకరించాలో తెలియజేయగలరు అని అక్కడినుంచి గుమాస్తా ఉత్తరం రాశాడు. నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఉద్యోగం మాట ఇంకా తేల్చలేదు. తీసేస్తే తీసేస్తారు. కారిడార్లో నా కర్ర చప్పుడు వినగానే మాటలు ఆగిపోతున్నాయి. ఆగనీ.

వాళ్ళ దగ్గర నాకు శిక్ష లేదు. అందుకని నేనే ఒకటి వేసుకున్నాను. చదువు మధ్యలో మానేసినవాళ్ళు ఏ వయసులోనైనా కట్టుకునే పరీక్షలున్నాయి. ఫారం దీనితో పంపుతున్నాను. చరిత్ర చుక్కల పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. రోజుకో పాఠం చదివి, నా గొంతు రికార్డు చేసి నీ ఫోనుకి పంపుతాను. నువ్వు పుస్తకాలు కుట్టుకుంటూ విను. "ఆ పేరా మళ్ళీ" అంటే మళ్ళీ చదువుతాను, విసుక్కోను. ఈసారి చదివేది నేను, రాసేది నువ్వు. పేరు కూడా నీదే ఉండాలి.

వద్దనకు. నీ కోసం కాదు, నా కోసం రాయి అని కూడా అడగను. అది ఒకసారి అయింది.

నీ గొంతు విని బతికిన,
అక్క

*

అక్కా,

ఇన్నేళ్ళూ తెలిసీ నోరు మెదపలేదన్నమాట. ఘటికురాలివే! నీ ఉత్తరం చదివి రెండు వారాలు నీ మీద పళ్ళు నూరాను, నీకు తెలుసు. ఫోనుకి పాఠాలు వస్తూనే ఉన్నాయి, నేను తెరవలేదు. పదిహేనో రోజు పనమ్మాయి పొరపాటున ఒకటి నొక్కింది. కరువుల పాఠం. మొదటి కారణం నువ్వు చదివావు, రెండోది నేనే అనేశాను. పనమ్మాయి సూదీ దారం వదిలేసి నా మొహం చూసింది. ఆ సాయంత్రమే ఫారం నింపాను. కోపం మొత్తం పోలేదులే. కొంచెం దాచుకున్నాను, అప్పుడప్పుడూ వాడుకుంటాను.

ఇవాళ మొదటి పరీక్ష. తిన్నగా ఇంటికొచ్చి ఇది గుచ్చుతున్నాను. హాలు నిండా నా మేనకోడళ్ళ వయసు పిల్లలు. బెంచీ మధ్య నా మోకాళ్ళు పట్టలేదు. ఇన్విజిలేటర్ చిన్నపిల్ల, నా దగ్గరికొచ్చి మర్యాదగా "మీరు ఎవరికి రాసిపెట్టడానికి వచ్చారండీ?" అంది. హాల్ టికెట్ తీసి చూపించాను. "నాకేనమ్మా" అన్నాను.

పేపరు అంత కష్టంగా లేదు. ఒక ప్రశ్నలో నాలుగో పాయింటు గుర్తురాలేదు. నీలాగే నుదురు పట్టుకుని కూర్చున్నాను. పక్క బెంచీ అమ్మాయి ఆన్సర్ షీటు నా వైపు తిరిగి ఉంది, అక్షరాలు గుండ్రంగా కనిపిస్తున్నాయి. తల అటు తిప్పలేదు. మెడ నొప్పెట్టిందనుకో. ఆ పాయింటు ఖాళీ వదిలేశాను. నా పేపర్లో ఒక ఖాళీ ఉంది అక్కా, అది కూడా నాదే.

ఇంకో అరగంట ఉందనగా మెయిన్ బుక్కు ఆఖరి పేజీ నిండిపోయింది. చెప్పాల్సింది ఇంకా ఉంది. అలవాటుకొద్దీ పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఎవరో అడుగుతారని.

తర్వాత నేనే చెయ్యెత్తాను.

ఇట్లు,
వసపిట్ట